రెండడుగుల తేడా

మా వీధి చివర చిన్న పార్కు ఉంది. నిన్న పొద్దున నడకకు వెళ్ళేసరికి అక్కడ గోరింట కంచె కత్తిరిస్తున్నారు. పొడుగు పిడుల కత్తెర కచకచమంటూ సాగుతుంటే తెగిన కొమ్మలు సిమెంటు బాట మీద కుప్పలు పడుతున్నాయి. తెల్లవారుజామున నాలుగు చినుకులు పడ్డట్టున్నాయి, ఆ తడికి ఆకుల వాసన గట్టిగా లేచింది. చేతికి పెట్టుకునే గోరింటాకు వాసన కంటే పచ్చిగా, కాస్త చేదు కలిసి ఉంటుందది. నేను నడక ఆపి బల్ల మీద కూర్చున్నాను. రోజూ నాతో నడిచే పొరుగింటావిడ "ఏమైందక్కా, కాళ్ళు నొప్పులా?" అని అడిగింది. కాదన్నాను. ఆ వాసనకు కామాక్షమ్మ గారు గుర్తొచ్చారని చెబితే, ఆమె ఎవరని అడుగుతుంది. ఒక్క మాటలో చెప్పగలిగే మనిషి కాదు. ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

కామాక్షమ్మ గారు నా మొదటి హెడ్మిస్ట్రెస్. డెబ్బైల చివర, నాకు ఇరవై మూడేళ్ళప్పుడు, నగరి దగ్గర ఒక నేతవాళ్ళ ఊళ్ళో ఆడపిల్లల హైస్కూలుకు లెక్కల టీచరుగా వేశారు. మాది శ్రీకాళహస్తి. తిరుపతిలో చదువుకున్నా రోజూ వెళ్ళి వచ్చినదాన్నే తప్ప ఇల్లు వదిలి ఉన్నదాన్ని కాదు. ఆ ఊళ్ళో బస్సు దిగగానే మగ్గాల చప్పుడు వినిపించింది. ఏ ఇంటి ముందు నిలబడ్డా అదే చప్పుడు. మా బడి గంట కూడా ఆ చప్పుడులోనే కలిసి మోగేది. పిల్లలు పొద్దున్నే లేచి కండెలకు నూలు చుట్టి, సద్దన్నం తిని, పరుగున బడికి వచ్చేవాళ్ళు. వాళ్ళ వేళ్ళ రంగు నోటుపుస్తకాలకు అంటేది. ఇంట్లో నీలం చీర మగ్గమ్మీదుంటే నీలం, ఎరుపుదుంటే ఎరుపు.

చేరిన రోజు నేనొక బెత్తం కొనుక్కుని వెళ్ళాను. హెడ్మిస్ట్రెస్ గదిలో పొట్టిగా, నెరిసిన జుట్టుతో, ఆ ఊరి నేత చీరే కట్టుకుని ఒకావిడ కిటికీ తలుపుకు తనే మేకు కొడుతున్నారు. పనివాళ్ళెవరో అనుకోబోయి, కళ్ళజోడు చూసి ఆగాను. ఆమె నా ఆర్డరు కాగితం చదివి, తర్వాత నా చేతిలోది చూశారు.

"అదెందుకమ్మా? మన బడిలో పాములు లేవులే."

"క్రమశిక్షణ కోసం మేడమ్."

"సరే, ఆ మూల పెట్టు. కావాలంటే వచ్చి తీసుకుందువు."

ఆ బెత్తం ఆ మూలే ఉండిపోయింది. దాని కోసం ఆమె గదిలోకి వెళ్ళి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. కానీ నాకు చేతులున్నాయి కదా.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆమె మీద నాకు గొప్ప అభిప్రాయమేమీ లేదు. కారణం చెబితే నవ్వొస్తుంది. ఆమె "నాకు తెలీదు" అనేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఏదో నిబంధన గురించి అడిగితే, మా అందరి ముందరా "నాకు తెలీదు సార్, చూసి చెప్తాను" అని పుస్తకం తీసి, కళ్ళజోడు తుడుచుకుని, పేజీలు తిప్పుతూ కూర్చున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా నాయన కూడా బడి అయివారే. ఆయన పేరు చెబితే పిల్లలు వీధి మారి పోయేవాళ్ళు. అయివారు తడబడితే బడి తడబడుతుందని ఆయన అనేవారు. నేను ఆ మాట వింటూ పెరిగినదాన్ని. క్లాసులో ప్రశ్నలు రాకుండా, చప్పుడు లేకుండా పాఠం చెప్పేదాన్ని. పిల్లలు ఒక్క సందేహం కూడా అడిగేవాళ్ళు కాదు. ఎంత బాగా అర్థమయ్యేటట్టు చెబుతున్నానో అని మురిసిపోయేదాన్ని.

ఆ ఏడాది చలికాలం, తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకుని రాజుల తోటకు వెళ్ళాము. కార్వేటినగరం వైపు కొండల పక్కన పాత రాజులు వేసవికని కట్టించుకున్న చిన్న మహలు అది. మహల్లో గబ్బిలాలు తప్ప ఏమీ మిగల్లేదు గానీ, దాని ముందరి తోట మాత్రం బతికి ఉంది. సర్కారు వాళ్ళు ఇద్దరు ముగ్గురు మాలీలను పెట్టి కాపాడుతున్నారు. పుత్తూరులో బస్సు మారి, చివర రెండు మైళ్ళు నడిచి పోవాలి. పిల్లలు చింతచెట్ల కింద పాటలు పాడుకుంటూ నడిచారు. చాలామందికి అదే మొదటి ప్రయాణం.

గేటు దాటగానే అందరమూ ఆగిపోయాము. మన వైపు తోటంటే మామిడి తోటో, చెరుకు తోటో. ఇది వేరు. ఎర్ర మట్టి బాట ఒకటి గేటు నుంచి మహలు నడిమి వాకిలి దాకా గీత గీసినట్టు పోతుంది. బాటకు రెండు పక్కలా గోరింట కంచె, నడుం ఎత్తున, పైన బల్లపరుపుగా కత్తిరించింది. కంచెల వెనక నలుచదరపు పచ్చిక మడులు, మడుల మధ్య రాతి కాలవలు. ఇటు పక్క పొగడ చెట్టుంటే అటు పక్కా పొగడ చెట్టే. ఇటు సంపెంగ అయితే అటూ సంపెంగే. నడిమధ్యలో ఎనిమిది మూలల రాతి తొట్టి, దాంట్లో కలువలు. అప్పుడే కంచె కత్తిరించినట్టున్నారు, తోటంతా ఆ పచ్చి వాసనే.

నాకు పట్టలేని సంతోషమేసింది. నల్లబల్ల మీద ఎన్నిసార్లు చెప్పినా పిల్లల తలకెక్కని పాఠం, ఇక్కడ ఎవరో రాజు నా కోసమే నేల మీద గీయించి పెట్టినట్టుంది. పిల్లల్ని బాట మీద వరసగా నిలబెట్టాను. "చూడండి. ఈ బాట మధ్య గీత అనుకోండి. దీన్ని మడత పెడితే ఎడమ పక్క తోట కుడి పక్క తోట మీద సరిగ్గా కూర్చుంటుంది. ఒక్క అంగుళం తేడా ఉండదు. దీన్నే సౌష్ఠవం అంటారు" అన్నాను. పిల్లలు తలలూపారు.

వెనక వరసలోంచి ధనలక్ష్మి చెయ్యెత్తింది. బక్కపల్చని పిల్ల, నేతవాళ్ళ ఇల్లే. లెక్కల్లో మధ్యరకం.

"టీచర్, రెండు పక్కలా ఒకటి గాదు. కుడి పక్క అంచు లావుగా ఉండాది."

"అంచేమిటి?"

"అదే టీచర్, ఆ గోరింట చెట్ల కంచె. ఎడం పక్క సన్నం, కుడి పక్క లావు. చీరకు ఒక పక్క పెద్దంచు వేసినట్టు."

పిల్లలు కిసుక్కుమన్నారు. నేను చూశాను. నా కళ్ళకు రెండూ ఒకటిగానే కనిపించాయి. "కూర్చో... నోరు మూసుకుని నిలబడు" అన్నాను, కూర్చునే చోటు లేదని గుర్తొచ్చి. మళ్ళీ నవ్వారు. ఈసారి నా మీద.

"కాదు టీచర్, నిజ్జంగా. మీరే సూడండి..." అంటూ ఆ పిల్ల కంచె దగ్గరకు ఒక అడుగు వేసింది.

నేను కొట్టాను. చెంప మీద, ముప్పై మంది ముందర. ఆ చప్పుడుకు పొగడ చెట్టు మీంచి పిట్టలు లేచిపోయాయి. ధనలక్ష్మి ఏడవలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని కంచె వైపే చూస్తూ నిలబడింది.

కామాక్షమ్మ గారు దూరంగా చెట్టు నీడలో చిత్రాన్నం పొట్లాలు సర్దుతున్నారు. లేచి వచ్చారు. "ఎదురు మాట్లాడుతోంది మేడమ్" అన్నాను. ఆమె పిల్ల దగ్గరకు వెళ్ళి, "ఏం చెప్పినావు పాపా?" అని అడిగారు. ఆ పిల్ల చెప్పింది. ఈలోగా కత్తెర పట్టుకుని ఒక ముసలాయన అక్కడికి చేరాడు. ఆయన పేరు మునెప్ప. తాత కాలం నుంచీ వాళ్ళింటి వాళ్ళదే ఆ తోట పని.

"ఆ పాప సెప్పింది నిజమేనమ్మా. ఇన్నేండ్లకు ఒక్కరు కనుక్కున్యారు" అన్నాడు మునెప్ప, సంబరంగా. చెంపదెబ్బ సంగతి ఆయన చూసినట్టు లేదు.

"తాడు ఉందా నీ దగ్గిర?" అని అడిగారు కామాక్షమ్మ గారు.

తెచ్చాడు. ఆమె ఒక కొస తను పట్టుకుని రెండో కొస నా చేతికిచ్చారు. బాట అంచు నుంచి ఎడమ పక్క కాలవ దాకా కొలిచి ముడి వేశాము. అదే తాడు కుడి పక్క పట్టాము. ముడి కాలవ దాకా రాలేదు. ముడికీ కాలవకూ మధ్య రెండడుగుల నేల మిగిలింది. పిల్లలందరూ వంగి ఆ రెండడుగులూ చూశారు.

మునెప్ప చెప్పాడు. ఎడమ పక్క భూమిలో ఏదో పాత గోడ పునాది ఉందట. కాలవ తవ్వేటప్పుడు గునపం దిగలేదట. అందుకని కాలవను రెండడుగులు లోపలికి జరిపారు. "ఎడం పక్క మడి ఇరుకైపాయ. రాజుగారికి కోపమొస్తాదని మా తాత ఉపాయం జేసినాడంట. ఎడం పక్క కంచె సన్నంగా, కుడి పక్క లావుగా కత్తిరిస్తే, లోపలి పచ్చిక రెండు పక్కలా ఒకే మాదిరి అవపడతాది. మా నాయన అట్లే కత్తిరించినాడు, నేనూ అట్లే కత్తిరిస్తా ఉండాను."

కామాక్షమ్మ గారు నా వైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో. ఎదురుచూస్తున్నట్టు చూశారు, అంతే. అప్పుడు నేనొక మాట అనాల్సింది. ఆ మాట నాకు తెలుసు. నోటి దాకా వచ్చింది కూడా. దాని బదులు, "అయితే ఇది తోట వేసినవాళ్ళ తప్పు. పదండి, అన్నాలు తినండి" అన్నాను.

ఆమె తాడు చుట్టి మునెప్పకు ఇచ్చేశారు.

మర్నాటి నుంచి ధనలక్ష్మి బడికి రాలేదు. రెండు రోజులు, నాలుగు రోజులు, వారం. నేను హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గర గొంతు కొంచెం తగ్గించి పిలిచి గబుక్కున దాటేసేదాన్ని. పదో రోజు సాయంత్రం కామాక్షమ్మ గారు కబురు పెట్టారు. బెంచీ మీద కూర్చోమన్నారు. మజ్జిగ ఇచ్చారు.

"ఆ పాప రావడం లేదు గదా."

"జ్వరమేమో మేడమ్."

"జ్వరం గాదు. కండెలు చుట్టుకుంటా ఉండాది. ఇంకో నెల అట్లే కూర్చుంటే అలవాటు పడిపోతాది. ఇంట్లో వాళ్ళకూ అలవాటు పడిపోతాది. ఆ పైన దేవుడొచ్చి పిలిచినా రాదు."

నేను తల వంచుకున్నాను. ఆమె ఏం చెప్పబోతున్నారో తెలిసి ముందే అడ్డం పడ్డాను. "మేడమ్, నేను వాళ్ళింటికి వెళ్ళి తప్పయిందంటే రేపు క్లాసులో నా మాట ఎవరు వింటారు? మీరు ఆర్డరు వేస్తే వెళ్తాను."

"నేను ఆర్డరు వేస్తే నువ్వు పోతావు. కానీ అప్పుడు తప్పయిందని చెప్పేది నేను. నువ్వు గాదు." తర్వాత నేనెన్నడూ వినని సంగతి చెప్పారు. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో ఐరాల దగ్గర ఒక పల్లెలో పనిచేశారట. ఎనిమిదో తరగతిలో ఒక సేద్యగాళ్ళ పిల్ల వాన మీద వ్యాసం రాసుకొచ్చింది. "ఎంత బాగుండిందంటే, ఆ పిల్ల రాసిందంటే నమ్మలేకపోయినాను. ఎవరి దగ్గర చూసి రాసినావని అడిగినాను. నేనే రాసినాను మేడమ్ అనింది. అందరి ముందర చింపేసినాను. తర్వాత తెలిసింది, ఆ పిల్లే రాసిందని. పోయి తప్పయిందని చెప్పడానికి సిగ్గుపడి రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకున్నాను. ఆ పిల్ల మళ్ళీ బడికి రాలేదు. నాకు బదిలీ అయిపోయింది." కిటికీ వైపు చూస్తూ అన్నారు, "ఇరవై ఏండ్లయింది. ఆ పిల్ల పేరు సుగుణ. ఇప్పటికీ వాన పడితే నాకు ఆ కాగితం చింపిన చప్పుడు వినిపిస్తాది."

వెళ్ళు అనలేదు, వద్దు అనలేదు. గ్లాసు తీసుకుని కడగడానికి లేచారు.

ఆదివారం పగలు పది గంటలకు నేను నేతవాళ్ళ వీధికి వెళ్ళాను. ధనలక్ష్మి వాళ్ళిల్లు వెతకడం కష్టం కాలేదు, వీధిలో సగం మంది నా పిల్లలే. వాళ్ళ నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేస్తున్నాడు. నన్ను చూసి కంగారుగా లేవబోయాడు. గోడ వారన ధనలక్ష్మి రాట్నం ముందు కూర్చుని కండె చుడుతోంది. తల ఎత్తలేదు.

"రండి మేడమ్, రండి. పాప మీకు ఎదురు మాట్లాడిందంట గదా, తెలిసింది. నేనూ నాలుగు తగిలించినాను. ఇంక మాట్లాడదు. అది బడికి పోనే పోనంటా ఉండాది, సరే ఇంట్లోనే ఉండనీలే అని గమ్మునైపోయినాము."

నా వల్ల ఆ పిల్లకు దెబ్బలు ఇంట్లో కూడా పడ్డాయి. నేను ఎన్నో వాక్యాలు సిద్ధం చేసుకుని వచ్చాను, అన్నీ పోయాయి. "అన్నా, ధనలక్ష్మి తప్పేమీ లేదు. తను నిజం చెప్పింది. నాకు కనిపించలేదు. కనిపించలేదని ఒప్పుకోలేక కొట్టాను" అన్నాను.

ఆయన చేతిలో పోగు వేసే నాడె ఆగిపోయింది. వాళ్ళమ్మ వంటింటి గడపలో నిలబడిపోయింది. ఆయన అడిగాడు: "ఆడ నిజంగానే తేడా ఉండిందా మేడమ్?"

"ఉంది. రెండడుగులు."

ఆయన కూతురి వైపు తిరిగాడు. ముఖంలో వస్తున్న నవ్వును ఆపుకోవడానికి మీసం తుడుచుకున్నాడు. "అది పట్టేస్తాదిలెండి. అంచులో ఒక్క పోగు తేడా వచ్చినా ఈడ నన్నే నిలబెట్టి అడుగుతాది."

అప్పుడు ధనలక్ష్మి మొదటిసారి తలెత్తింది. "ఇంట్లో చెప్తే ఎట్ల టీచర్? కొట్టింది అందరి ముందర గదా."

"గమ్మునుండవే!" అంది వాళ్ళమ్మ.

"ఉండనీండమ్మా. సరిగ్గానే అడిగింది" అన్నాను. నేను ఆ ఇంటికి వెళ్ళడమే కొండ ఎక్కడం అనుకున్నాను. కొండ ఇంకా ముందే ఉంది.

సోమవారం హెడ్మిస్ట్రెస్ గదికి తాళం వేసి ఉంది. ఆఫీసు పని మీద చిత్తూరు వెళ్ళారని చెప్పారు. నాకు ధైర్యం పోయింది, ఆమె వరండాలో ఉంటే బాగుండుననిపించింది. తర్వాత చాలా కాలానికి అడిగితే, "పనేమీ లేదులే. నేనుంటే నువ్వు నా కోసం చెప్పినట్టు ఉంటాదని పోయినాను. పొద్దంతా బస్టాండులో కూర్చోని వచ్చినా" అన్నారు.

మొదటి పీరియడు. ధనలక్ష్మి వచ్చి చివరి వరసలో కూర్చుంది. నేను పుస్తకం తెరవలేదు. "రాజుల తోటలో ధనలక్ష్మి చెప్పింది నిజం. నేను చెప్పింది తప్పు. నిజం చెప్పినందుకు ఆమెను కొట్టాను. అది ఇంకా పెద్ద తప్పు. ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. అది మూడో తప్పు" అన్నాను. బయట మగ్గాలు ఆడుతున్నాయి. అందరూ ధనలక్ష్మి వైపు తిరిగారు. ఆ పిల్ల లేచి నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లంగా కుచ్చిళ్ళు పట్టుకుని, "సరే టీచర్" అని కూర్చుంది. అంతే. నేను నల్లబల్ల వైపు తిరిగి లెక్క రాయడం మొదలుపెట్టాను. వేళ్ళలో సుద్ద కడ్డీ రెండు ముక్కలైంది.

నేను భయపడ్డట్టు బడి కూలిపోలేదు. ఆ వారంలోనే జరిగింది ఇంకొకటి. ఎన్నడూ నోరు మెదపని ఒక పిల్ల చెయ్యెత్తి, "టీచర్, నాకు మొన్నటి లెక్క అర్థం గాలేదు" అంది. దాని వెనకే ఇంకొకతి, "నాకు మొదట్నించీ అర్థం గాలేదు టీచర్" అంది. గలగలమని నవ్వారు, నేనూ నవ్వాను. ఆరు నెలలుగా వాళ్ళకు అన్నీ అర్థమవుతున్నాయని మురిసిపోయిన లెక్కల టీచరును నేను. ఆ రోజు బీజగణితం మొదటి పాఠం నుంచి మళ్ళీ మొదలుపెట్టాము. ఆ ఏడాది పాఠాలు పూర్తి చేయడానికి సెలవు రోజుల్లో కూడా క్లాసులు తీసుకోవాల్సి వచ్చింది. పిల్లలే వచ్చేవాళ్ళు, పిలవకుండానే.

మరుసటి ఏడాది కొత్త తొమ్మిదో తరగతితో మళ్ళీ ఆ తోటకు వెళ్ళాము. కామాక్షమ్మ గారు ధనలక్ష్మిని కూడా రమ్మన్నారు. మునెప్ప గుర్తుపట్టి, "కండ్లుండే పాప వచ్చినాది" అని కేక వేశాడు. ఈసారి నేను పాఠం చెప్పలేదు. ధనలక్ష్మి చెప్పింది. పిల్లల చేతికి తాడిచ్చి కొలిపించింది, పునాది కథ చెప్పింది, వాళ్ళు అడిగిన వాటికి తెలిస్తే జవాబు, తెలియకపోతే "మునెప్ప తాతనడుగుదాం పదండి" అనేది. నేనూ కామాక్షమ్మ గారూ రాతి తొట్టి గట్టు మీద కూర్చుని చూస్తున్నాము.

"రాజులు అంతా సరిసమానంగా ఉండాలనుకున్నారు. భూమి ఒప్పుకోలేదు" అన్నారామె.

పక్కనే కలువ తొట్టిలో ఆకులు ఏరుతున్న మునెప్ప, "ఒప్పుకోకుంటే ఏమమ్మా, తోట పుయ్యకుండా పోయిందా?" అన్నాడు. ఆమె ఆ మాటకు చాలాసేపు నవ్వారు. ఆమె అంత నవ్వడం అదొక్కసారే చూశాను.

ధనలక్ష్మి పది ఫస్టు క్లాసులో పాసయింది. వాళ్ళ నాయన మొదట సంశయించాడు గానీ, తనే తీసుకుపోయి తిరుపతిలో పాలిటెక్నిక్‌లో చేర్పించాడు. తర్వాత చిత్తూరులో ఒక సర్కారు ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీసే ఉద్యోగం వచ్చింది. మొదటిసారి తను గీసిన ప్లాను నకలొకటి నాకు పోస్టులో పంపింది. కింద మూలన చిన్న అక్షరాలతో "కొలతలు సరి చూసినాను టీచర్" అని రాసింది.

కామాక్షమ్మ గారు ఎనభైల మధ్యలో రిటైరయి చిత్తూరులో స్థిరపడ్డారు. భర్త అరక్కోణంలో రైల్వే ఉద్యోగం చేసి ఆమెకంటే ముందే రిటైరయ్యారు. ఇద్దరూ చిన్న పెంకుటింట్లో ఉండేవాళ్ళు. ఒక వేసవిలో చూడ్డానికి వెళ్ళాను. అప్పటికి నాకు పెళ్ళయి, బదిలీ అయి, తిరుపతి దగ్గరికి వచ్చేశాను. వేయించిన వేరుసెనక్కాయలు ముందు పెట్టి, "ఇవి ఎవరిచ్చినారో చెప్పు చూద్దాం" అన్నారు. తెలియదన్నాను.

"సుగుణ."

నాకు క్షణం పాటు ఆ పేరు అందలేదు. అందాక, కాయ చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వు ఆ పాప ఇంటికి పోయి వచ్చినావే, ఆ ఎండాకాలమే పోయినాను. నీకు చెప్పేసి నేను గమ్మున కూర్చుంటే బాగుండదు గదా. ఐరాలలో బస్సు దిగి అడుక్కుంటా పోతే పక్క ఊళ్ళో ఉండాదని చెప్పినారు. చేనులో కలుపు తీస్తా ఉండింది. ముగ్గురు పిల్లలు. నన్ను చూసి ఎవరో అనుకునింది. నేను ఫలానా అని చెప్పినాను. ఆ వ్యాసం నువ్వే రాసినావు, నాకు తెలిసినాక కూడా వచ్చి చెప్పలేదు, ఇప్పుడు చెప్పడానికి వచ్చినాను అన్నాను."

"ఏమన్నారు మేడమ్?"

"మరిచిపోయింటాదిలే అనుకున్నాను. మరిచిపోలేదు. కొడవలి కింద పెట్టింది. గట్టు మీద కూర్చోని ఏడ్చింది. నేనూ ఏడ్చినాను. తర్వాత కండ్లు తుడుచుకోని, 'వాన మీద రాసింది నాకింకా నోటికొస్తాది మేడమ్, చెప్పమంటారా?' అనింది. చేనులో నిలబడి మొత్తం చెప్పింది. ఒక్క మాట తప్పు పోలేదు." కామాక్షమ్మ గారు కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఇప్పుడు ఏటా కాయలు పంపుతాది. ఆ పిల్ల పెద్ద కూతురు పదో తరగతికి వచ్చినాది. లెక్కలు కష్టంగా ఉన్నాయంట. సెలవుల్లో నీ దగ్గరికి పంపేదా?"

పంపమన్నాను. ఆ పిల్ల నెల రోజులు మా ఇంట్లో ఉండి లెక్కలు నేర్చుకుంది. వాళ్ళమ్మ గొంతు నేను వినలేదు గానీ, ఆ పిల్ల మా వరండాలో కూర్చుని, అమ్మ చెప్పిందంటూ ఆ వ్యాసంలో నాలుగు వాక్యాలు నాకు చెప్పింది. వాన వస్తుందని చీమల కంటే అమ్మకే ముందు తెలుస్తుందనీ, ఆరేసిన బట్టలు చూసి మబ్బు నవ్వుతుందనీ ఉంది వాటిలో. ఎనిమిదో తరగతి పిల్ల రాసిన మాటలు. నేనైనా నమ్మేదాన్ని కాదేమో.

కామాక్షమ్మ గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆమె గురించి ఏ పత్రికలోనూ రాలేదు. ఆమె నాకు పాఠం చెప్పిన రోజంటూ ఒక్కటీ లేదు. తాడు రెండో కొస చేతికిచ్చారు, మజ్జిగ ఇచ్చారు, తాళం వేసుకుని బస్టాండులో కూర్చున్నారు. ముప్పై మూడేళ్ళు నేను టీచరుగా, ఆఖరున హెడ్మిస్ట్రెస్‌గా పనిచేశాను. ఆ ఏళ్ళలో పిల్లల ముందు, తోటి టీచర్ల ముందు, నా సొంత కొడుకు ముందు "నాది తప్పు" అని చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది. చెబుతూ పోతే తేలికవుతుందని మొదట్లో అనుకున్నాను. కాలేదు. ఈ వయసులో కూడా ఆ మాట ముందు చెవులు వేడెక్కుతాయి. అయినా రేపటికి వాయిదా వేయను. ఎవరి మనసైనా నొప్పించానని తెలిస్తే ఆ పూటే చెప్పులు వేసుకుని బయలుదేరతాను.